బల్లకు ఆనుకోరాదు

ఆ వేసవిలో నేను తయారుచేసిన ట్రైనింగు కోర్సులో పద్నాలుగో నియమం "బల్లకు ఆనుకోరాదు". దాన్ని ఎర్ర అక్షరాల్లో పెట్టి, కింద గీత కూడా గీశాను. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నన్ను నేను నాలుగు తిట్టుకుంటాను. మా ఆయన ఇంకో రెండు కలుపుతాడు.

మాది ఆస్పత్రుల బట్టలు ఉతికే లాండ్రీ. నాలుగు ఆస్పత్రుల నుంచి రోజూ పొద్దున్నే బళ్ళనిండా దుప్పట్లు, గలీబులు, ఆపరేషను గౌన్లు వచ్చి పడతాయి. మిషన్లలో వేసేముందు వాటిని ఒక్కొక్కటీ విప్పి చూడాలి. హడావిడిలో పక్కబట్టలు చుట్టేసేవాళ్ళకి, వాటితోపాటు ఇంకేం చుట్టేశారో తెలియదు కదా. కత్తెరలు వస్తాయి, సూదులు వస్తాయి, చెంచాలు, కళ్ళజోళ్ళు వస్తాయి. ఒకసారి ఏకంగా పళ్ళసెట్టే వచ్చింది. "పాపం ఎవరో నమలకుండా మింగుతూ ఉంటారు" అని మా అత్తయ్య అప్పటికప్పుడు ఆస్పత్రికి ఫోను చేయించింది.

అలా విప్పి చూసే స్టీలు బల్ల దగ్గర మా అత్తయ్య ముప్ఫై ఏళ్ళుగా నిలబడుతోంది. లాండ్రీలో అందరికీ ఆమె పెద్దక్క. మేనేజరుకి కూడా పెద్దక్కే. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన రెండేళ్ళకి అదే లాండ్రీ ఆఫీసులో చేరాను. హాజరు పట్టీ, యూనిఫారాలు, సెలవు చీటీలు నా పని. మా ఇద్దరికీ గొడవలు ఉండేవి కావు. గొడవపడాలంటే కాస్త చనువుండాలి, మాకు అదీ లేదు. రోజూ సాయంత్రం ఇంటికి ఒకే బస్సులో, ఒకే సీట్లో కూర్చుని వచ్చేవాళ్ళం. ఆమె కిటికీలోంచి బయటికి చూసేది, నేను ఫోన్లోకి చూసుకునేదాన్ని. లిఫ్టులు బాగుచేసే మా ఆయన, "పై అంతస్తులో ఒకరు, కింది అంతస్తులో ఒకరు, మధ్యలో ఇరుక్కుపోయింది నేనే" అని నవ్వేవాడు. నవ్వేది తనొక్కడే.

ఎండలు ముదురుతున్న రోజుల్లో మేనేజరు నన్ను పిలిచాడు.

"వేసవి చివర్లో ఆస్పత్రివాళ్ళు కొత్త బ్లాకు తెరుస్తున్నారు. మనకి పని రెట్టింపవుతుంది. పన్నెండుమంది కొత్తవాళ్ళని తీసుకుంటున్నాం. నువ్వేదో ట్రైనింగు కోర్సులు తయారుచేసే చదువు చదివావుగా?"

"ఆర్నెల్లు చదివాను సార్."

"పెద్దక్కకి ఇంకో ఏడాదే సర్వీసు. ఆవిడ తలకాయలో ఉన్నదంతా కాగితం మీదికి రావాలి. గని ఇంట్లోనే పెట్టుకున్నావు, తవ్వు."

నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. నాలుగేళ్ళుగా సెలవు చీటీలు దొంతర్లు పేర్చినదాన్ని, ఇన్నాళ్ళకి నా చదువుకి పని దొరికింది. నోట్సు దుమ్ము దులిపాను. ఐదు దశల్లో కోర్సు కట్టాలి. తొమ్మిది మెట్లలో పాఠం నడపాలి. ముందు వినేవాళ్ళ ధ్యాస మనవైపు తిప్పుకోవాలి, ఏం నేర్పబోతున్నామో చెప్పాలి, వాళ్ళకి ఇదివరకే తెలిసినదాన్ని తట్టి లేపాలి, ఆ తర్వాతే చేసి చూపించాలి. ఇలా పైకి వెళ్ళాలి. ఇదంతా ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఉత్సాహంగా చెప్పాను.

అత్తయ్య అంతా విని, "తొమ్మిది మెట్లెక్కేసరికి మా బళ్ళు మూడు నిండిపోతాయమ్మాయ్" అంది.

"మీరేం చేస్తారో చెప్పండి అత్తయ్యా, నేను మెట్లు కట్టుకుంటాను."

"చెయ్యడానికేముంది? దుప్పటి విప్పడం, చేత్తో తడిమి చూడడం. ఉంటే తియ్యడం, లేకపోతే పక్కకి పడెయ్యడం."

"అంతేనా?"

"ముప్ఫై ఏళ్ళ నుంచీ అంతే."

నేను రాసుకున్నాను. దుప్పటి విప్పాలి, తడమాలి. మా చదువులో పెద్ద అక్షరాలతో ఒక మాట ఉంది. పని బాగా వచ్చినవాళ్ళకి తాము ఏం చేస్తున్నారో చెప్పడం రాదు, అందుకని వాళ్ళని అడగడం చాలదు, పక్కన నిలబడి చూడాలి అని. ఆ మాట పరీక్షలో రాసి పదికి పది మార్కులు తెచ్చుకున్నదాన్ని, మా అత్తయ్య దగ్గరికి వచ్చేసరికి అడిగి ఊరుకున్నాను. ఆ మిషన్ల ఆవిర్లో, ఆ వాసనలో గంటలు గంటలు నిలబడడం నాకిష్టం లేదు. నిజం చెప్పాలంటే ఆమె పక్కన అంతసేపు నిలబడడం కూడా ఇష్టం లేదు. రెండుసార్లు వెళ్ళి పది నిమిషాలు చూశాను. చూసిందల్లా ఆమె పొట్ట బల్లకి ఆనించి, సగం బరువు దానిమీదే వేసి, తీరిగ్గా పనిచెయ్యడం. సూపర్‌వైజరు ఒకసారి నాతో, "పెద్దక్కని చూసి అందరూ అలా వాలిపోతున్నారు మేడం, చూసేవాళ్ళకి బద్ధకంగా ఉంటుంది" అన్నాడు. మా పుస్తకాల్లో నిలబడే భంగిమ గురించి ఒక అధ్యాయం ఉండనే ఉంది. పద్నాలుగో నియమం అలా పుట్టింది.

అరవై నాలుగు స్లైడ్లయ్యాయి. ఇక చేసి చూపించే మెట్టు కోసం వీడియో కావాలి. ఒక పొద్దున బల్ల ఎదురుగా స్టూలు వేసి, దానిమీద ఫోను నిలబెట్టాను. అత్తయ్య ఏప్రన్ కట్టుకుని, మందపాటి గ్లౌజులు తొడుక్కుని వచ్చింది. ఎప్పటిలాగే బల్లకి ఆనుకుంది.

"అత్తయ్యా, నిటారుగా నిలబడండి. అది పద్నాలుగో నియమం."

ఆమె నావైపు ఒకసారి చూసింది. ఏదో అనబోయింది. చుట్టూ పనివాళ్ళు ఉన్నారు. వాళ్ళముందు నా మాట కాదనడం ఇష్టంలేనట్టు, అడుగు వెనక్కి వేసి, సైనికుడిలా నిలబడింది.

"చేత్తో తడమడం బాగా కనబడాలి."

తడిమింది. పదిహేను దుప్పట్లు విప్పింది, ప్రతిదాని మీదా చెయ్యి ఆ చివరి నుంచి ఈ చివరికి పోనిచ్చింది. వీడియో ఎంత శుభ్రంగా వచ్చిందో చెప్పలేను. ఫోను జేబులో వేసుకుని ఆఫీసులోకొచ్చి, టీ తాగుతూ దాన్ని చూసుకుని మురిసిపోతున్నాను. అప్పుడు మూడో నంబరు మిషను గణగణమని మోగింది. ఆపేసరికి నిమిషం పట్టింది. తలుపు తీస్తే చింపిరి గుడ్డల కింద జానెడు కత్తెర ఉంది. నలభై దుప్పట్లు పేలికలు.

మేనేజరు అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ముప్ఫై ఏళ్ళలో ఇదే మొదటిసారి కదా పెద్దక్కా."

"అవును బాబూ. తప్పు నాదే."

ఆమె వెళ్ళాక నాతో అన్నాడు: "ఆ వీడియోనే కోర్సులో పెట్టు. కింద 'అజాగ్రత్తకి ఉదాహరణ' అని వెయ్యి. పేరు వెయ్యకు. ఇంకొక్కసారి ఇలా జరిగితే ఆవిడని బల్ల దగ్గర్నుంచి తప్పించక తప్పదు. వయసు వస్తోంది, మనం మాత్రం ఏం చేస్తాం?"

పేరు వెయ్యకపోతే మాత్రం మొహం కనబడదా? పన్నెండుమంది కొత్తవాళ్ళు మొట్టమొదట చూసేది, మా అత్తయ్య తప్పు చెయ్యడం. ఇంటికి వెళ్ళే బస్సులో ఈ మాట ఎలా చెప్పాలా అని నేను మథనపడుతుంటే ఆమే అంది: "ఆ బల్ల దగ్గర్నుంచి తప్పిస్తే ఇంక నేను రానమ్మాయ్. మడతలు పెట్టుకుంటూ కూర్చోలేను. మీ మామయ్య పోయిన మూడోనాడు నేను నిలబడింది ఆ బల్ల దగ్గరే." మళ్ళీ కిటికీవైపు తిరిగింది. మామయ్య గురించి ఆమె నాతో మాట్లాడడం అదే మొదలు.

ఆ రాత్రి భోజనాలు కాకముందే వీడియో పదిసార్లు చూశాను. ఆరో నిమిషం దగ్గర దొరికింది. దుప్పటి కింద కత్తెర ఆకారం సన్నగా ఉబ్బి కనిపిస్తోంది. అత్తయ్య అరచెయ్యి దాని పక్కన కాదు, సరిగ్గా దానిమీదే ఉంది. అక్కడ ఒక్క క్షణం ఆగి, ముందుకి వెళ్ళిపోయింది.

"గ్లౌజులు మందం కదా, అందుకే అయ్యుంటుంది" అన్నాడు మా ఆయన. అది సబబుగానే తోచింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, ముందు ఇంట్లోనే పరీక్షిద్దామనుకున్నాను. కొత్తవాళ్ళకి అభ్యాసం ఎలాగూ పెట్టాలి.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద నాలుగు దుప్పట్లు పరిచాం. మా ఆయన వాటి మడతల్లో చెంచా, తాళంచెవి, పిన్నీసు, పెన్ను మూత దాచాడు. అత్తయ్య మొదట రానంది. తర్వాత మా ఆయన "అమ్మా, నీ కొడుకు దాచినవి కూడా కనిపెట్టలేవా?" అని రెచ్చగొడితే వచ్చి కూర్చుంది. గ్లౌజులు వేసుకుని ముగ్గురం తడిమాం. దాచిన చోట్లు తెలిసి కూడా మా ఆయన చేతికి చెంచా ఒక్కటే తగిలింది. నాకు అదీ దొరకలేదు. అత్తయ్యకి ఏదీ దొరకలేదు. నవ్వుకున్నాం. ఆ ఇంట్లో ముగ్గురం కలిసి నవ్వడం అరుదు, అందుకే ఇంకాస్త ఎక్కువసేపు నవ్వాం.

"ఇప్పుడు ఉత్త చేతులతో" అన్నాడు మా ఆయన.

నాకు మూడు దొరికాయి. తనకి నాలుగూ దొరికాయి. ఆ తర్వాత అన్నిటినీ వేరే చోట్ల దాచి, వాళ్ళమ్మ ముందు పెట్టాడు. ఆమె ఉత్త చెయ్యి దుప్పటి మీద మెల్లగా పోయింది. తాళంచెవి మీదుగా వెళ్ళింది. అది నాకు కనబడుతూనే ఉంది, గుడ్డ కింద చెవి ఆకారం లేచి ఉంది. చెయ్యి మళ్ళీ వెనక్కొచ్చింది, మళ్ళీ దానిమీదుగానే పోయింది.

"ఇందులో ఏం లేదురా" అంది.

"అమ్మా, తాళంచెవి..." అంటూ నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆగిపోయాడు.

"ఎండకి కళ్ళు తిరుగుతున్నాయి, నన్ను వదిలెయ్యండి" అని ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మేం దుప్పట్లు మడతపెట్టేశాం.

మర్నాడు పొద్దున్నే టీ పెడుతుంటే వెనక నిలబడి అడిగాను.

"ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యా?"

"ఏది?"

"వేళ్ళు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు రెండు చేతులూ కొంగు కిందికి తీసుకుంది. "రెండేళ్ళు దాటింది" అంది. "మొదట తిమ్మిర్లు. తర్వాత తిమ్మిరి కూడా లేదు."

రెండేళ్ళు. సూదిలో దారం ఎక్కించమని నా ఒళ్ళో పడెయ్యడం అప్పుడే మొదలైంది. చొక్కాల గుండీలు కుట్టమని చెప్పడం, టీ గ్లాసు ముందు మోచేతికి తాకించి చూసుకోవడం అన్నీ అప్పట్నుంచే. కోడలితో చాకిరీ చేయించుకోవడం మరిగిందని నేను మా అక్కతో ఫోన్లో చెప్పుకుని నవ్విన రోజులవి.

"మాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నా కొడుకు పని మానెయ్యమంటాడు. నువ్వు ఆఫీసు మనిషివి, మేనేజరుకి చెప్పాల్సొస్తుంది. నిన్నెందుకు ఇరకాటంలో పెట్టాలి?"

"మరి రెండేళ్ళుగా ఒక్క సూది కూడా మిషన్లోకి పోలేదు కదా? ఎలా?"

అప్పుడు నవ్వింది. దొంగతనం బయటపడినా, దొంగ పనితనం మెచ్చుకుంటే నవ్వినట్టుంది. "నాతో పెందలాడే రా, చూపిస్తా. నీ పద్నాలుగో నియమం కాస్త ఇంట్లో వదిలేసి రా."

ఆ వారమంతా నేను ఆమెతోపాటు మొదటి బస్సులో వెళ్ళాను. మిషన్లన్నీ హోరెత్తుతున్నాయి, పక్కనున్న మనిషి మాట వినబడదు. ఆమె దుప్పటి నడిమి భాగాన్ని అసలు ముట్టుకోదు. అంచులు మాత్రం పట్టుకుంటుంది. రెండు మూలలూ పట్టుకుని, బల్లకున్న స్టీలు గట్టు మీదుగా మెల్లగా తనవైపు లాగుతుంది. గుడ్డలో ఏదైనా ఉంటే అది గట్టుకి కొట్టుకుంటుంది. ఆ హోరులో చప్పుడు చెవికి అందదు.

"మరి మీకెలా తెలుస్తుంది?"

"ఆనుకో" అంది.

నన్ను భుజాలు పట్టుకుని బల్లకేసి నెట్టింది. పొట్ట ఆనేదాకా నెట్టింది. "కళ్ళు మూసుకో. నా చేతులు నీ చేతులనుకో." దుప్పటి లాగుతున్నట్టుంది. ఏమీ లేదు, ఏమీ లేదు. అంతలో నా పక్కటెముకల కింద టిక్కుమని ఒక చిన్న దెబ్బ. కళ్ళు తెరిచాను. గట్టు దగ్గర పిన్నీసు.

"తగిలిందా?"

"తగిలింది అత్తయ్యా!" అని చిన్నపిల్లలా అరిచాను. ఆ హోరులో ఎవరికీ వినబడలేదు, ఆమెకి తప్ప.

ముప్ఫై ఏళ్ళ పనిమంతురాలు, వేళ్ళు పోయాక మళ్ళీ మొదటినుంచి నేర్చుకుని, తనకి తాను కట్టుకున్న పద్ధతి అది. ఎవరూ నేర్పలేదు. ఏ పుస్తకంలోనూ లేదు. నేనొచ్చి ఎర్ర సిరాతో కొట్టేశాను. ఆ వీడియో రోజున నా మాట తీసెయ్యలేక, కొత్త పద్ధతి వదిలి, పోయిన వేళ్ళతో పనిచేసింది. కత్తెర మిషన్లోకి పోవడానికి కారణం ఆమె అజాగ్రత్త కాదు, నా కోర్సు. ఈ మాట మేనేజరుకి చెబుతానన్నాను.

"నిటారుగా నిలబెడితే మాత్రం చేతికెందుకు దొరకలేదని అడుగుతాడు. అప్పుడేం చెబుతావ్?" అంది. "పద్ధతి రాసుకో. ఎంత కావాలంటే అంత రాసుకో. వేళ్ళ సంగతి మాత్రం రాయకు. ఈ ఏడాది వెళ్ళిపోనీ."

సరేనన్నాను. అరవై నాలుగు స్లైడ్లు చెరిపేశాను. ఈసారి పాఠం మూడు మాటలకి కుదించాను: నేను చేస్తాను నువ్వు చూడు, ఇద్దరం కలిసి చేద్దాం, నువ్వు చెయ్యి నేను చూస్తాను. అంచులు పట్టుకోవడం ఒక అభ్యాసం, గట్టు మీదుగా లాగడం ఇంకొకటి, ఆనుకుని వినడం మూడోది. వీడియో తీసేశాను, మనిషే చేసి చూపిస్తే మేలని మేనేజరుకి నచ్చజెప్పాను. పద్నాలుగో నియమం తిరగబడి "బల్లకు ఆనుకోవాలి" అయింది. ఎందుకు ఆనుకోవాలో మాత్రం రాయాలి కదా. పొట్టతో వినమని రాస్తే, వేళ్ళుండగా పొట్టెందుకని ఎవరో ఒకరు అడుగుతారు, మాట మాటా పెరిగి ఆమె దాకా వస్తుంది. అందుకని "నడుము మీద భారం తగ్గుతుంది" అని రాశాను. ఒక అబద్ధానికి అంత చక్కని అక్షరాలు నేనెప్పుడూ పెట్టలేదు.

వేసవి చివరి వారంలో పన్నెండుమంది వచ్చారు. ఒకాయన పూర్వం దర్జీ. ఒకమ్మాయి చెప్పుల దుకాణంలో నిలబడి నిలబడి వచ్చింది, తాటిచెట్టంత పొడుగు. శుభ్రమైన దుప్పట్లలో చెంచాలు, మొండి కత్తెరలు దాచి, ఒక బండిని నింపి అసలు బల్ల దగ్గరే పెట్టాను. మిషన్లు ఆపనివ్వలేదు, ఆ హోరులోనే నేర్చుకోవాలి. మేనేజరు వచ్చి చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు.

అత్తయ్య చేసి చూపించింది. అందరూ చేశారు, అందరూ ఆనుకున్నారు. అంతా బాగుందనుకుంటుండగా మేనేజరు రెండడుగులు ముందుకొచ్చాడు. అంతే, ఎవరో మీట నొక్కినట్టు అందరి వెన్నులూ నిటారయ్యాయి. యజమాని ముందు వాలిపోయి నిలబడకూడదని వాళ్ళు ఇదివరకు చేసిన ప్రతి పనిలోనూ నేర్చుకుని వచ్చారు. పొడుగమ్మాయి రెండు దుప్పట్లు లాగి పక్కన పడేసింది. రెండోదాంట్లోంచి కత్తెర జారి కింది బుట్టలో పడింది. ఆమెకి తెలియలేదు.

"ఆనుకోవాలమ్మా" అన్నాను.

"నాకు నడుంనొప్పి లేదు మేడం" అంది వినయంగా. "నేను నిలబడే చేస్తాను."

దర్జీ కూడా, "నాకూ అలవాటేనమ్మా" అన్నాడు. వాళ్ళ తప్పేముంది? నేను చెప్పిన కారణం అదే. మేనేజరు నావైపు చూస్తున్నాడు. నడుము గురించే ఇంకేదో అబద్ధం అల్లడానికి నోరు తెరిచాను.

"నడుము కాదమ్మా" అంది అత్తయ్య. "మా కోడలు నా పరువు కాపాడుతోంది."

గ్లౌజులు రెండూ లాగి బల్ల మీద పెట్టింది. కళ్ళు మూసుకుని, కుడిచెయ్యి పొడుగమ్మాయి ముందుకి చాపింది.

"నీ దగ్గరున్నది ఏదో ఒకటి నా వేళ్ళ మీద పెట్టు."

ఆ పిల్ల బెదురుగా జడలోంచి పిన్ను తీసి, వేళ్ళ మీద పెట్టింది. అందరం చూస్తున్నాం.

"పెట్టమ్మా" అంది అత్తయ్య, కళ్ళు మూసుకునే.

"పెట్టానండి."

అత్తయ్య కళ్ళు తెరిచి, పిన్నుని చూసుకుంది. "రెండేళ్ళుగా ఇంతే. నా వేళ్ళకి ఏమీ తెలియదు. నన్నీ బల్ల దగ్గర నిలబెడుతున్నది పొట్ట. అయ్యో పాపం అనుకుంటున్నారు కదూ? ఆ గ్లౌజులు వేసుకోండి. వేసుకుని తడిమి చూసుకోండి. మీ వేళ్ళకీ నా వేళ్ళకీ తేడా ఏముంది? అందుకే మా కోడలు ఆనుకోమంటోంది. ఎవరొచ్చినా సరే, ఆ బాబొచ్చినా సరే, కదలకండి."

పొడుగమ్మాయి ముందుగా వెళ్ళి ఆనుకుంది. దర్జీ వెళ్ళాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ వెళ్ళారు. మేనేజరు ఇస్త్రీ చొక్కాతోనే వచ్చి, బల్ల చివర పొట్ట ఆనించి నిలబడ్డాడు. అత్తయ్య దుప్పటి లాగింది.

"తగిలింది పెద్దక్కా" అన్నాడు. అని, తలెత్తకుండా ఇంకాసేపు అక్కడే ఉండిపోయాడు.

ఆ సాయంత్రం మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టాడు. కత్తెర సంగతి నా నియమం వల్ల జరిగిందని నేను రాసి ఇచ్చాను. ఆయన దాన్ని ఫైల్లో పెట్టి, అత్తయ్యతో అన్నాడు: "పెద్దక్కా, సూది గుచ్చుకున్నా మీకు తెలియదు. ఇది తెలిశాక నేను మిమ్మల్ని ఆ బల్ల దగ్గర ఉంచలేను."

"తెలుసు బాబూ. తెలిసే చెప్పాను."

"కొత్తవాళ్ళ పక్కన నిలబడి చూడండి. చెయ్యి మాత్రం పెట్టకండి."

మా చదువులో కోర్సుని నాలుగు ప్రశ్నలతో తూచాలంటారు. నచ్చిందా, వచ్చిందా, చేస్తున్నారా, ఫలితముందా. నెల గడిచింది. కొత్త బ్లాకు బట్టలు కొండల్లా వచ్చిపడ్డా, మిషన్లోకి ఒక్క పిన్నీసు పోలేదు. చూడ్డానికొచ్చిన ఆస్పత్రి అధికారి, "మీవాళ్ళు ఇలా వాలిపోయి పనిచేస్తారేంటి?" అంటే, మేనేజరు "మీరూ వాలండి, చెబుతాను" అన్నాడట. ఫారంలో నాలుగు ప్రశ్నలకీ జవాబు ఔననే రాసి సంతకం పెట్టాను. బల్ల దగ్గర్నుంచి తప్పించిన మొదటిరోజు అత్తయ్య అలవాటు చొప్పున ఏప్రన్ కట్టుకుని తన చోటికి నడిచి వెళ్ళి, అక్కడ పొడుగమ్మాయిని చూసి ఆగి, రెండడుగులు పక్కకి జరిగి నిలబడడం ఆఫీసు కిటికీలోంచి చూశాను. దానికి ఆ ఫారంలో గడి లేదు.

ఆ నెలలోనే, మొదటి వానకి ముందు ఒక సాయంత్రం ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మణికట్టు దగ్గర నరం నలిగిపోయిందన్నాడు. ఆపరేషను చేస్తే ఇంకా ముదరకుండా ఆగుతుందట. పోయిన స్పర్శ రావడం మాత్రం కష్టమట. రెండేళ్ళ ముందే వచ్చుంటే బాగుండేదన్నాడు. అత్తయ్య బుద్ధిగా తలూపింది.

బయటికొచ్చేసరికి రోడ్డంతా బళ్ళు. బస్సు స్టాపు అవతలివైపు ఉంది. దాటడానికి సందు కోసం చూస్తూ ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆరేళ్ళలో ఎప్పుడూ పట్టుకోలేదు. చల్లగా, గరుగ్గా ఉంది. నొక్కి పట్టుకున్నాను.

"పట్టుకున్నట్టు తెలుస్తోందా అత్తయ్యా?"

"లేదమ్మాయ్. చూస్తేనే తెలుస్తుంది" అంది.

రోడ్డు మీదికి దిగాం. ఎడంవైపు నుంచి బండి వస్తోంది. ఆమె దానివైపు చూడడమే లేదు. తల వంచుకుని మా చేతులవైపే చూస్తూ నడుస్తోంది.

"అత్తయ్యా, రోడ్డు చూడండి!"

"రోడ్డు నువ్వు చూడు" అంది.